జానెడు తక్కువ

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంటి గ్యారేజీ. పనివాళ్లు ఆ యజమానిని బాబా అంటారు. సాయంత్రం అసర్ నమాజుకు ఇంకా గంట ఉంది. పారేసిన పాత చెక్కలతో కట్టిన అరలకు వడ్ల అంజన్న చివరి మొల కొడుతున్నాడు. ఆ ఇంటి డ్రైవరు నాగేందర్ కారు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, తల ఒక పక్కకు వంచి చూస్తున్నాడు. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు.

“మల్ల చెప్తున్న కాకా. నాకెందుకో అనుమానమైతుంది.”

“నీకు అనుమానం రాని రోజేది?”

“వంకర లేదు. వంకరున్నదని నేనంటలేను. కానీ...”

“కానీ?”

“పొట్టిగ కొడ్తుంది.”

“ఏంది పొట్టి? నీ తెలివా?”

“బీరువ.”

“బీరువ కాదు, అరలు. తలుపులుంటె బీరువ. ఏడేండ్ల సంది వడ్లాయన పక్క మంచం మీద పంటున్నవు. గింత కూడ నేర్వలె.”

“నీ పక్కన పండుకొని నేను నేర్చింది ఒక్కటే. గురక మోగుతుంటె నిద్ర పోవుడు.”

“చూసి మాట్లాడు. నిలువు కాళ్లు బాబా పాత ఇంటి దర్వాజలయి. అరలు సరుకుల పెట్టెలయి. మీది పలక చలువరాళ్లు వచ్చిన డబ్బది. అన్నీ ఎండల పడేసినయే. ఒక్క కొత్త కట్టె లేదు. చెయ్యి పెట్టి చూడు, ఎక్కడన్న గుచ్చుతదా?”

“గుచ్చది. నువ్వు పనిమంతునివే. పని గురించి కాదు నా రంది.”

“మరి దేని గురించి?”

“బాబా ఏమన్నడు? నా ముంగటనే అన్నడు. ఎడమ పక్క ఖానాల అరలుండద్దు, గుడారం గుంజలు నిలవెట్టుకుంట, మీది పలక గుంజల కంటె పైకుండాలె అని. అన్నడా లేదా?”

“అన్నడు.”

“గుంజ నిలవెట్టి చూసినవా?”

“చూసుడేంది? ముప్పై ఏండ్ల సంది కట్టె కోస్తున్న. నేను కోసినంక చూసుకునుడు ఉండదు.”

“అయితె ఒక్క గుంజ తెస్త. ఒక్కటే.”

“తే. ఒక్కటెందుకు, నాలుగు తే. నిలవెట్టి, కండ్లు చల్లవడ్డంక పోయి కారు కడుగుకో.”

నాగేందర్ మూలనున్న ఇనుప గుంజ ఒకటి తెచ్చి ఎడమ ఖానాలో నిలబెట్టబోయాడు. పై పలకకు తగిలి ఠంగున మోగింది.

“ఇన్నవా కాకా?”

“నాకు చెవుడు లేదు.”

“పడ్తలేదు.”

“జర వంచి పెట్టు.”

“వంచి పెడితె పండుకుంటది. నిలవెట్టుమన్నడు బాబా.”

“గుంజ పొడుగున్నది.”

“కంపెనీల చేసిన గుంజ కాకా. పది గుంజలున్నయి, పదీ ఒకటే పొడుగు.”

“అయితె నేల ఎత్తున్నది.”

“నేలనా?”

“నేలనే. ఈడ సిమెంటు పోసినోడు ఎవడో పని రానోడు.”

“పోసింది మన సదానందం. నీ అల్లునికి మేనత్త కొడుకు.”

“చెప్పిన కద, పని రానోడని.”

“కాకా, జాన పెట్టి చూసిన. బరాబరి జానెడు తక్కువున్నది.”

“నీ జానా, నా జానా?”

“నీ జాన పెట్టుకో. ఇంద. పెట్టుకో.”

“పెట్టిన.”

“ఎంత?”

“జానెడు.”

“మరి?”

“మరేంది మరి! ఇన్న. జానెడు తక్కువైంది. ఇప్పుడు నన్ను ఉరి తీస్తవా?”

“నేనెందుకు తీస్త? తీస్తె బాబా తీస్తడు. నమాజ్ చేసుకొని సీదా ఇటే వస్తడు. తన అన్నను కూడ తీస్కొని వస్తడట, నీ పనితనం చూపెట్టెటందుకు. ‘గ్యారేజీ ఖలాస్ అయితె అంజన్న ఖలాస్’ అన్నడు. అరలు నచ్చినయంటె అదే నిమిషం ఫోన్ల నువ్వు ఊరికి పోయే ఎగ్జిట్ కాగితం నొక్కుతడు.”

“తెలుసు.”

“నచ్చకుంటె నొక్కడు. రేపు పొద్దుగాల ఆయిన విమానం ఎక్కుతడు. మల్ల హజ్జు పండుగ దాటినంకనే వచ్చుడు. రెండు నెలలు కాకా. రెండు నెలలు నువ్వు గీ గ్యారేజిలనే.”

“తెలుసన్న.”

“సంచి సదురుకున్నవు. తాడు కూడ కట్టినవు.”

“నాగేందరూ.”

“ఉమాదేవక్కకు ఫోన్ చేసి వస్తున్న బిడ్డా అన్నవు. ఆమె ఏడ్చింది. స్పీకర్ల ఇన్న.”

“ఇనుడే కద నీ పని.”

“నీ సంగతి పక్కకు పెట్టు, నా బిడ్డ సంగతేంది? దాని బొమ్మ నీ సంచిల ఉన్నది. నాయిన రాకున్న బొమ్మ వస్తుందని దానికి చెప్పిన.”

“ఆ బొమ్మ పేరెత్తకు. నిన్న పగటీలి నేను అన్నం తింటుంటె సంచిలకెల్లి దానంతటదే పాట పాడింది. గుండె ఆగింది నాకు.”

“జపాన్ బొమ్మ కాకా.”

“ఎక్కడిదన్న కానియ్యి, అన్నం తిననియ్యాలె.”

“సరే, బొమ్మను తర్వాత తిడుదువు. అసలు కొల్త ఎట్ల తప్పింది? టేపు పెట్టలేదా?”

“టేపు ఇష్తియాక్ తీస్కపోయిండు.”

“ఎప్పుడు?”

“సోమారం. ‘పాంచ్ మినట్ చాచా’ అన్నడు. ఇయ్యాల బేస్తారం. కరెంటు పని చేసెటోళ్ల ఐదు నిమిషాలు అట్లనే ఉంటయి.”

“మరి దేనితోటి కొలిచినవు?”

“కట్టెతోటి.”

“ఏ కట్టె?”

“ఉన్నది ఒక కొలకట్టె. నీకెందుకు?”

“కట్టె తప్పు చెప్పిందా?”

“కట్టె తప్పు చెప్పది.”

“అయితె నువ్వు తప్పు కోసినవు.”

“నేను తప్పు కొయ్యను.”

“కట్టె తప్పు చెప్పది. నువ్వు తప్పు కొయ్యవు. అంటె తప్పు బాబాది. పొడుగు గుడారం కొన్నడు.”

“ఇప్పుడు దారికొచ్చినవు.”

“కాకా, నవ్వులాట కాదు. కాళ్లకు అతుకు పెట్టరాదు? కోసిన ముక్కలేవి?”

“కాలినయి.”

“కాలినయా?”

“బాబా కొడుకులు మొన్న అభా గుట్టలకు పోయిండ్రు కద. పొయ్యిలకని ఎత్తుకపోయిండ్రు. నా ముక్కల మీద కోడిని కాల్చుకొని తిన్నరు.”

“ఒక్క ముక్క మిగల్లేదా?”

“కోడి బొక్కలు మిగిలినయట. అతుకు పెడ్దామా?”

లోపలి తలుపు తోసుకుని ఆ ఇంటి వంటమనిషి దయావతి వచ్చింది. నరసాపురం వైపు మనిషి. రెండు చేతుల్లో రెండు ఇత్తడి కాఫీ కూజాలు.

“ఏంటా గోల? మేడం పడుకున్నారు. వంటింట్లోకి వినబడుతోంది మీ కోడి గొడవ.”

“రా అక్కా, రా. మా కాక ఇంకో రెండు నెలలు మనతోటే ఉంటడట.”

“మూస్తవా నోరు?”

“అయ్యో, అదేంటండీ? ఇవాళే కదా కాగితం అన్నారు? అబ్బ! ఇవేనా ఆ పాత పెట్టెలు? పెరట్లో పడున్నవే? వీటిని పెళ్లికూతుర్ని చేసేశారు కదండీ!”

“ఇంకా కాలె తల్లీ.”

“అయిపోయినట్టే ఉందండీ. ఈ కూజాలకి చోటు ఎక్కడో చూస్తాను. పైన పెట్టనా?”

“పెట్టకుర్రి.”

“ఒక్కసారండీ. పెట్టి తీసేస్తాను. ఇదిగో... అయ్యో!”

“ఏమైంది? గుచ్చిందా?”

“అందిందండీ!”

“ఏంది?”

“పై అర! మడమ ఎత్తకుండా అందింది. చూడండి, ఇదిగో, మళ్లీ అందింది. తొమ్మిదేళ్లండీ ఈ ఇంట్లో. ఉప్పుకి స్టూలు, పప్పుకి స్టూలు. ఆ స్టూలు మీంచి రెండుసార్లు పడ్డాను కూడా. నాకందిన మొదటి అర ఇదేనండీ ఈ ఇల్లు మొత్తం మీద.”

“అక్కా, జర అట్లనే ఉండు. నడిమి అర ఎక్కడికున్నది నీకు?”

“సరిగ్గా నడుం దగ్గరికి.”

“కింది అర?”

“మోకాలి దగ్గరికి. ఏం?”

“కాకా.”

“ఏంది?”

“కాకా...”

“ఏందిరా!”

“ఏం లేదు. నేను పోయి కారు కడుగుకుంట. మీరు మాట్లాడుకోండ్రి.”

“నా రంపమేది? ఇటియ్యి. వీని నాలుక కోస్త.”

“నేనేమన్న? బాబా ఆరడుగుల మీద ఇంకింత ఉంటడు. అరలేమో దయావతక్కకు మడమ ఎత్తకుంట అందుతున్నయి. నేనేమన్న అన్ననా? అనలె. కారు కడుగుకుంట అన్న.”

“అంజన్న గారూ.”

“తల్లీ.”

“మీరు నన్ను కొలిచారా?”

“అయ్యో తల్లీ! నేనెందుకు కొలుస్త!”

“కొలవకుండా ఇంత సరిగ్గా ఎలా కుదిరాయండీ? మా టైలరు మూడుసార్లు కొలిచినా జాకెట్టు కుదరదు.”

“మీ మీద ఒట్టు. మీరు ఈ తలుపుకెల్లి వస్తె నేను ఆ తలుపు దిక్కు చూస్త.”

“అదే అక్కా, అదే అనుమానం. అట్ల ఎందుకు చూస్తడంటవు?”

“నువ్వు ఆగు నాగేందరూ. నాకేం కోపం లేదండీ. అడిగితే నేనే గోడకి నిలబడేదాన్ని.”

“ఇన్నవా కాకా! అడిగితె నిలవడేదట!”

“రేపట్నుంచి నీకు చారుండదు.”

“అక్కా, అట్లనకు. నేను కాకను అంటున్న, నిన్ను కాదు. కాకా, ఆ కొలకట్టె చూపియ్యి. నీ మీద మచ్చ పోవాలెనంటె కట్టె చూపియ్యాలె.”

“చూపియ్య.”

“ఎక్కడున్నది? ఉలుల పెట్టెలనా?”

“ముట్టకు.”

“ఉలుల పెట్టెలనే. దొరికింది!”

“నాగేందరూ, ముట్టకన్న. ఆడ పెట్టు.”

“అక్కా, చూడు. టేకు కట్టె. నున్నగైంది పట్టుకొని పట్టుకొని. దీని మీద అంకె లేదు, గీత లేదు. మూడు వాతలున్నయి.”

“వాతలా?”

“కాల్చిన ఇనుముతోటి పెట్టిన మచ్చలు. ఇదొకటి మోకాలు కాడికి. ఇదొకటి నడుం కాడికి. ఇది... అక్కా, చెయ్యెత్తు.”

“ఎత్తాను.”

“బరాబరి. కొంచెం ఇటో అటో.”

“ఎవరివండీ ఈ గుర్తులు?”

“మా గురువుయి. పని నేర్పినాయినయి.”

“ఎవలు, లింగయ్య తాతనా?”

“ఆఁ.”

“కాకా, లింగయ్య తాతది మా వాడనే. తల తాకుతదని ఊరి దర్వాజలన్నిట్ల వంగి నడిచెటోడు. ఆయిన మోకాలు గీడుంటదా? ఆయిన మోకాలు అక్క నడుం కాడుంటది.”

“అయితె లింగయ్య పెండ్లాంది.”

“కాకా!”

“ఏంది కాకా? కాకా, కాకా అని కాకి తీరుగ! ఎవలిదో ఒకలిది. కొల్త కొల్తనే.”

“అంజన్న గారూ, కోపం తెచ్చుకోకండి. మీ ఇంటావిడ ముత్తవ్వ గారు ఎంత ఎత్తుండేవారు?”

“దాని పేరు తియ్యకుర్రి.”

“పేరు తీయను. ఎంత ఎత్తని అడుగుతున్నాను.”

“మీ అంత.”

“నా అంతా?”

“ఒక వేలు తక్కువనే. తక్కువంటె ఒప్పుకునేది కాదు. కొప్పుతోటి కలిపి లెక్కవెట్టుమనేది.”

అంజన్న సుత్తె కింద పెట్టాడు. కట్టె కోసం చెయ్యి చాపితే నాగేందర్ ఈసారి ఇచ్చేశాడు.

“చిన్నమ్మ కొల్తనా కాకా?”

“మొదటిసారి చుట్టి మీద ఊరికి పోయినప్పుడు పెట్టిన. ఇంట్ల అడుగు పెట్టిన్నో లేదో మొదలు పెట్టింది. సౌదోళ్లందరికి బీరువలు చేస్తవు, నాకేం చేసినవు అని.”

“న్యాయమే కదండీ.”

“‘నేల మీద పెడితె చీమలకందుతయి, అటుక మీద పెడితె నాకందయి. నాకందేటియి చెయ్యి’ అన్నది. గోడకు నిలవెట్టిన. చెయ్యెత్తు అన్న. ఎత్తింది. పొయ్యిల ఉలి కాల్చి మూడు వాతలు పెట్టిన. ‘కట్టెకు పెడుతున్నవు కాబట్టి సరిపోయింది, నాకు పెట్టేటట్టున్నవు’ అని ఒకటే నవ్వుడు.”

“చేశారా మరి?”

“చుట్టి అయిపోయింది.”

“మల్ల పోయినప్పుడు?”

“మల్ల పోయినప్పుడు ఇంటి కప్పు. ఆ మల్ల బోరు. ఆ మల్ల ఉమ పెండ్లి. పోయినప్పుడల్ల కట్టె తీస్కపోయిన, వచ్చేటప్పుడల్ల తీస్కొచ్చిన.”

“ఎన్నేళ్లు?”

“అది పోయిన్నాటికి పద్దెనిమిది.”

“పద్దెనిమిదేళ్లూ ఆవిడ ఏమీ అనలేదా?”

“అనకపోవుడా! ఫోన్ల కూడ అనేది. ‘నా అరలేవి’ అనేది. వస్తున్న అనెటోన్ని. ‘నువ్వొచ్చేటాల్లకు నేను వంగిపోత, ఇంకో కొల్త పెట్టుకోవాలె నువ్వు’ అనేది. వంగిపోకముందుకే పోయింది.”

“చిన్నమ్మది వెన్న మనసు కాకా. మంచి మనిషి.”

“మంచిదా? కడుపుల గడ్డ ఏడు నెలల సంది ఉన్నదట. ఊరందరికి ఎరుక. నీకు ఎరుక. మీ అవ్వకు ఎరుక. నేను శుక్రారం శుక్రారం మాట్లాడుతనే ఉన్న. మంచిగున్న అన్నది. ప్రతి శుక్రారం మంచిగనే ఉన్నది. ఆఖరి శుక్రారం కూడ మంచిగనే ఉన్నది. సోమారం లేదు.”

“మీరు కంగారు పడతారనేమోనండీ.”

“అందరు గదే మాట. కంగారు పడితె పడుదును, నా కంగారు నాది. ముప్పై ఏండ్లు కాపురం చేసింది. పోయేటప్పుడు పోతున్న అని చెప్పద్దా? బజారుకు పోతె చెప్పి పోయేది. నేను మాఫ్ చెయ్యలె. చెయ్య. రేపు నేను పైకి పోయినంక ఎదురువడ్డా మొఖం తిప్పుకుంట.”

“నువ్వు మొఖం తిప్పుకుంటె ఆమె ఊకుంటదా కాకా?”

“ఊకోదు. ఆ దిక్కుకొచ్చి నిలవడ్తది.”

“అంజన్న గారూ, ఒకటి అడుగుతాను. బాబా అరలకి ఆవిడ కొలత ఎందుకు పెట్టారండీ?”

“ఎందుకేంది? టేపు లేనప్పుడు దీనితోటే కొలుస్త. ఇరవై రెండేండ్ల సంది గిదే లెక్క. ఆడోళ్లకు అందేటట్టు కావాలెనంటె మీది వాత కాడికి. మొగోళ్లకైతె దాని మీద జానెడు కలుపుత. ఖఫ్జీ ఊర్ల కంపెనీ గోదాము మొత్తం గీ కట్టెతోటే చేసిన. ఒక్కటి తప్పలె.”

“ఈసారి జానెడు కలపలేదా?”

“మర్సిన.”

“ఇరవై రెండేండ్లల్ల ఎన్నడన్న మర్సినవా కాకా?”

“లేదు.”

“ఊరికి పోయే ముందు చేసిన ఆఖరి పనిల మర్సినవు.”

“మర్సిన. ముసలోన్నైన. అరవై దగ్గరకొచ్చినయి. అట్ల చూడకుర్రి ఇద్దరు. మర్సిన అంటున్న కద!”

“ఆవిడే మరిపించిందేమోనండీ.”

“అదెందుకు మరిపిస్తది? గుర్తు చేసుడే దాని పని.”

“పోనీలెండి. ఇప్పుడు వెళ్తున్నారుగా. వెళ్లగానే మీ వంటింట్లో కట్టండి. మూడు అరలేగా?”

“ఎవలికి? నాకెందుకు అరలు? ఉప్పు డబ్బ నేల మీద పెట్టుకుంట. చీమలు తింటె తిననియ్యి. పోయినోళ్లకు అరలు కడ్తరా ఎవలన్న? పోత, తాళం తీస్త, ఊడ్చుకుంట, పండుకుంట. అంతే నా పని.”

“కాకా, నువ్వు పండుకోవాలెనంటె ముందుగాల పోవాలె. పోవాలెనంటె జానెడు పెరగాలె. జర జరుగు. నాకొక ఆలోచన వచ్చింది.”

“నీకా?”

“నాకే. సిమెంటు బ్లాకు ఎంత ఎత్తుంటది?”

“జానెడు.”

“ఎనక గోడ కాడ ఎన్ని పడున్నయి?”

“మస్తున్నయి.”

“కాళ్లెన్ని?”

“నాలుగు.”

“నా కారుల జాకీ ఉన్నది. ఒక్కొక్క కాలు లేపుడు, కింద బ్లాకు తోసుడు. గుంజ నేల మీద నిలవడ్తది, పలక మీదికి పోతది. బాబా అడిగితె ‘వాన నీళ్లొస్తె కట్టెకు చెద పట్టద్దని పెట్టిన’ అంటవు.”

“ఏడేండ్లకు నీకొక ఆలోచన వచ్చింది. మల్ల ఏడేండ్ల దాక రాదు. తే.”

“నేను కూజాలు దించేస్తానుండండి. ఒలికితే... ఖాళీవే లెండి. నాగేందరూ, చేతులు చూసుకో.”

“అక్కా, ఇగ చారు?”

“జాకీ తే ముందు. చారు సంగతి తర్వాత.”

అసర్ అజాన్ వినబడి, ఆగిపోయింది. నమాజు అయ్యేలోపు మూడు కాళ్ల కింద మూడు బ్లాకులు దూరాయి. నాలుగో కాలు జాకీ మీద ఉంది. నాగేందర్ తిప్పుతున్నాడు. నాలుగో బ్లాకు పట్టుకుని అంజన్న నేల మీద కూర్చున్నాడు.

“ఇంకో రెండు చుట్లు. అక్కా, గుంజ పట్టి చూడు.”

“పట్టింది! నిటారుగా నిలబడింది. పైన తగలట్లేదు కూడా.”

“ఇగ చూడు! బాబా చూసుడు, నవ్వుడు, ఫోన్ తీసుడు, నొక్కుడు. కాకా, ఎల్లుండి ఈపాటికి నువ్వు శంషాబాద్‌ల దిగి ఛాయ తాగుతుంటవు. నా బిడ్డ బొమ్మ తల దువ్వుతుంటది.”

“ఊరి దాక ఆ పాట ఇనాలె నేను.”

“హారన్! ఇన్నవా? వచ్చిండు. గేటు కాడున్నడు.”

“విన్నాను. నేను లోపలికి వెళ్లాలి. ఆగండి, ఈ కూజాలు పైన పెట్టేసి పోతాను. బాబాకి చూడ్డానికి బాగుంటుంది. ఇదిగో... ఊఁ... అయ్యో.”

“ఏమైందక్కా?”

“మడమలెత్తినా వేళ్లు ఆనట్లేదు. ఇంక అందదు లెండి. మళ్లీ నాకు స్టూలే.”

“పోనియ్యక్కా. నీకందుడు పెద్దదా, మా కాక ఇల్లు చేరుడు పెద్దదా? కాకా, అయింది. బ్లాకు తొయ్యి.”

అంజన్న బ్లాకు పక్కన పెట్టి, కొలకట్టె తీసుకుని, దాని పై వాత నుంచి పలక దాకా చూశాడు.

“తొయ్యి కాకా. గేటు తెరిచిండ్రు.”

“అంజన్న గారూ? ఏంటండీ అలా చూస్తున్నారు? నేను ఊరికే అన్నాను. స్టూలు అలవాటేనండీ నాకు.”

“కాకా! కారు లోపటికొచ్చింది. ఆయిన దిగుతుండు. అన్న కూడ దిగుతుండు. తొయ్యవేంది?”

“జాకీ దించు.”

“ఏంది?”

“మూడు బ్లాకులు గూడ తియ్యి. మొత్తం దించు.”

“పిచ్చి లేసిందా కాకా? రెండు నెలలు! ఉమక్కకు ఏం చెప్తవు? బాబాకు ఏం చెప్పాలె నేను? ఏం చెప్పాలె?”

“దించు నాగేందరూ. దానికి అందది.”